ఎడమ పక్క తారిక్ పని

కార్వాన్ బస్తీలో తుపాకులు బాగుచేసే జలాలుద్దీన్‌కు మిగతా అన్ని విషయాల్లో సర్దుకుపోవడం తెలుసు, ఒక్క స్టీలు దగ్గర తప్ప. నల్ల తుపాకీకి రంగు పోతే మందు పూసి కప్పేయవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలుకు అట్లాంటి పూతేమీ ఉండదు. గీత పడితే సన్న గరుకు పీచుకు చుక్క నూనె అద్ది, ఒకే దిక్కుకు రుద్ది, చుట్టూ ఉన్న సన్నటి చారల్లో ఆ గీతను కలిపేయాలి. చారలు గొట్టం వెంబడి తిన్నగా సాగాలి. ఆ మాటమీద ఆయనతో వాదించి గెలిచినవాడు లేడు.

కొడుకు తారిక్‌ది ఎడమచేతి వాటం. వాడు రుద్దితే చారలు కొంచెం కిందికి వాలేవి. వంకర పని అని తండ్రి సణిగితే నవ్వి ఊరుకునేవాడు. రెండు పక్కలా ఒకేలా వాలేవి కనుక గిరాకీల కంటికి అది ఆనేది కాదు.

వానాకాలం జ్వరం ఆ తారిక్‌ను వారం తిరగకుండా తీసుకుపోయింది. ముప్ఫై నిండని పిల్లవాడు. నలభై రోజుల ఫాతెహా ప్రార్థనలు అయ్యాక జలాలుద్దీన్ దుకాణం తెరిచి ఇనప బీరువా తీస్తే, గుడ్డలో చుట్టిన రివాల్వర్ కనిపించింది. ఛత్రినాకలో ఉండే బాలనర్సింహది. ఎడమ పక్క తారిక్ పూర్తి చేశాడు. కుడి పక్క గీతలు గీతల్లాగే ఉన్నాయి.

బాలనర్సింహ మిలిటరీలో పనిచేసి రిటైరైన మనిషి. కబురు తెలిసి వచ్చి, తుపాకీ ఉన్నదున్నట్టు ఇచ్చేయమన్నాడు. గీతలుంటే తనకేం ఫికర్ లేదన్నాడు. జలాలుద్దీన్ ఒప్పుకోలేదు. సగం పని బయటికి పోతే చూసినవాళ్ళు తారిక్‌నే అంటారు.

కుడి పక్క ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. వెలుతురులో తిప్పి చూస్తే ఆయన చారలు తిన్నగా, కొడుకువి వాలుగా ఉన్నాయి. ఇట్లాంటప్పుడు ఏ పనివాడైనా చేసేది ఒక్కటే, రెండో పక్కను కూడా అదే చేత్తో మళ్ళీ రుద్దేయడం. అలవాటు కొద్దీ ఆయన తుపాకీని తిప్పి పట్టుకుని, ఎడమ పక్కన ఒక్క రుద్దు రుద్దేశాడు.

అప్పుడు తెలిసింది, చేస్తున్నదేమిటో. గొట్టం చివర బొటనవేలంత మేర తారిక్ చారలు లేవు. లోకంలో వాడి చేతిపని అని తన దగ్గర మిగిలింది ఆ ఎడమ పక్క ఒక్కటే. ఆయన బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాడు.

అన్నం డబ్బా తెచ్చిన భార్య కుల్సుమ్ సంగతి విని, తుపాకీని వెలుతురుకు పట్టి రెండు పక్కలా చూసింది.

"నీది తీసెయ్. వాని లెక్క చెయ్" అంది.

వాడు చెయ్యి ఎట్లా పెట్టేవాడో ఆయనకు గుర్తు రాలేదు. ఇన్నేళ్ళూ చారలు చూశాడు గాని చెయ్యి చూడలేదు. కుల్సుమ్‌కు తెలుసు. చిన్నప్పుడు వాడు ఆమె పక్కన కూర్చుని గిన్నెలు తోమేవాడు. మోచేయి డొక్కకు ఆనించి, మణికట్టు లోపలికి తిప్పి ఆమె చూపించింది.

జలాలుద్దీన్ విరిగిన స్టీలు ముక్కలు ముందేసుకుని ఎడమ చేత్తో మొదలుపెట్టాడు. చెయ్యి మాట వినలేదు. భుజం లాగేసింది. బాలనర్సింహ వచ్చి, ఆ ముక్కల గుట్టను చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఎన్నాళ్ళకో ఒకనాడు చారలు వాటంతటవే వాలాయి. అప్పుడు రివాల్వర్ తీసి, కుడి పక్క తన పనిని చెరిపి మళ్ళీ చేశాడు. ఆ తర్వాత గొట్టం చివర తాను చెడగొట్టిన ఆ కాస్త మేరా సరిచేశాడు.

బాలనర్సింహ గుమ్మంలో ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మొత్తం తారికే చేసిండా భాయ్?"

"వాడే చేసిండు."

అబద్ధమాడినందుకు ఆయనకేమీ అనిపించలేదు. తుపాకీ సంచిలోకి పోతుంటే మాత్రం ఉండబట్టక, బాలనర్సింహ మణికట్టు పట్టుకున్నాడు.

"నర్సింహన్నా, ఇగ దీన్ని ఎవ్వరితోని రుద్దియ్యకు. గీతలు పడితే పడనియ్. నా దగ్గరికి గూడ తేకు."

బాలనర్సింహ తల ఊపాడు. ఆ చెయ్యి తనంతట తాను వదిలేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.