ముప్ఫై ఒకటో ప్లేటు

ఆ ప్రయోగశాలలో అందరికీ ఆమె పెద్దక్కే. డైరెక్టరుగా ఉన్న పెద్దసారుకీ అక్కే, నిన్నగాక మొన్న చేరిన విద్యార్థులకీ అక్కే. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. గాజు సామాను కడగడానికి చేరి, ఇరవై రెండేళ్లలో ఆ ప్రయోగశాలకి కన్నయి కూర్చుంది. మాటవరసకి అనడం కాదు, నిజంగానే కన్ను.

అక్కడ జరిగే పని ఇదీ. ఒక సముద్రజీవి ఒంట్లో, వెలుతురు పడితే ఎర్రగా మెరిసే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువును తెచ్చి బాక్టీరియాలో పెడతారు. పెట్టేముందు ఆ జన్యువులో కావాలనే తప్పులు దొర్లిస్తారు. ఒక్కో బాక్టీరియాకి ఒక్కో రకం తప్పు. వాటిని గుండ్రటి ప్లేట్ల మీద పరిస్తే మర్నాటికల్లా ఆవగింజంత చుక్కలుగా పెరుగుతాయి. చాలా చుక్కలు, తప్పులు పెట్టకముందున్న తల్లికంటే మసకగానే ఉంటాయి. ఎక్కడో ఒకటి తల్లిని మించి మెరుస్తుంది. దాన్ని ఏరి, దాని జన్యువుకే మళ్లీ తప్పులు పెట్టి, ఇంకో తరం పెంచుతారు. అలా తరం వెనక తరం గడిచి, చివరికి కాలేయం లోతున ఒక్క క్యాన్సర్ కణం కదిలినా బయటికి కనిపించేంత మెరుపు రావాలి.

ఏరే పని పెద్దక్కది. కిటికీల్లేని చిన్న గదిలో, దీపం కింద ప్లేటు పెట్టుకుని, నారింజ రంగు కళ్లజోడు తగిలించుకుని, మెరిసే చుక్కని టూత్‌పిక్‌తో గుచ్చి తీసేది. ఆరువేల చుక్కల్లోంచి ఆమె వంద ఏరితే, ఆ వందనే యంత్రంలో పెట్టి కొలిచేవారు. కెమెరాతో ఏరే మెషీన్ ఒకటి కొన్నారు గానీ, అక్క ఏరినవాటి ముందు అది వెలవెలబోయింది. దానిమీద గుడ్డ కప్పి మూలకి నెట్టేశారు. ఎవరైనా చూడడానికి వస్తే పెద్దసారు ఆమెని చూపించి, "ఇదిగోనండీ మా అసలు మెషీన్. కరెంటు కూడా అక్కర్లేదు, రెండు పూటలా టీ పోస్తే చాలు" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆమె మాత్రం ఆ మాటని ఇంటికి తీసుకెళ్లి, పడుకునేముందు మళ్లీ ఒకసారి తల్చుకునేది. పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ ఆమెని ఎవరూ ఫలానా పనిలో గట్టిది అనలేదు మరి.

ఎర్ర ప్రోటీన్ మీద ఐదేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్న పిల్లని పిచ్చుక అని పిలిచేవారు. పిడికెడు మనిషి, గడగడా మాటలు. పదిహేనో తరం దాకా ప్రతిసారీ మెరుపు పెరిగింది. పెరిగినప్పుడల్లా పిచ్చుక వచ్చి అక్క మెడకి చుట్టుకుని, "మీ కంటికి దిష్టి తీయాలక్కా" అనేది.

పదహారో తరం నుంచి ఆగిపోయింది.

దానికి రెండు నెలల ముందు, ఒక ఆదివారం ఇంట్లో ఆడపడుచు చొక్కా పైకెత్తి పట్టుకుని పకపకా నవ్వింది. "ఏంటి వదినా ఇది! మా అన్నయ్య నల్ల చొక్కాకి నీలం దారంతో గుండీ కుట్టావ్. ఆయనేమన్నా సర్కస్‌లో చేరాడా?"

"చేతికి ఏది దొరికితే అది కుట్టాను, పోనిద్దూ" అంది పెద్దక్క. స్కూలు బస్సు డ్రైవరైన భర్త చొక్కా తొడుక్కుని భార్య మొహంలోకి ఒకసారి చూసి బయటికి వెళ్లిపోయాడు.

ఆ వారమే ఒంటరిగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది. రెండు కళ్లలోనూ వెనక పొర సరిగ్గా మధ్యలో పాడవుతోందన్నాడు. ఇంజెక్షన్లతో నిలబెట్టడానికి చూడొచ్చు, పోయిన చూపు మాత్రం తిరిగి రాదన్నాడు. "ఏం పని చేస్తారమ్మా మీరు?" అని అడిగాడు. "గిన్నెలు కడుగుతాను" అంది.

ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదాం, ఈ తరం అయ్యాక చెబుదాం అనుకుంటూ రోజులు నెట్టింది. నేరుగా చూస్తే చుక్కల మధ్య బూడిద రంగు మచ్చ అడ్డం పడేది. తల కాస్త పక్కకి తిప్పి, కంటి చివరతో చూడడం నేర్చుకుంది. ఎలాగూ తర్వాత యంత్రం కొలుస్తుందిగా, తప్పుంటే అదే పట్టుకుంటుందని సర్దిచెప్పుకునేది. తను ఏరనిదాన్ని యంత్రం కొలవదని ఆమెకి తెలుసు. అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. ఒక్క తరంలోనూ మెరుపు పెరగలేదు. పిచ్చుక సన్నబడింది, మాటలు తగ్గాయి. "నేను తప్పులు పెట్టడంలోనే తేడా ఉందేమో అక్కా" అనేది. "అదేం లేదులేమ్మా" అనేది పెద్దక్క. అని, ఆ చిన్న గదిలోకి వెళ్లి తలుపేసుకునేది.

పెద్దసారు అందరినీ కూర్చోబెట్టి తేల్చి చెప్పాడు. "ఈ ప్రోటీన్ ఇంతకంటే ఎదగదు. దీని సత్తా ఇంతే. ఇక్కడితో ఆపేద్దాం." ఫ్రీజర్‌లో ఈ తరాలన్నీ దాచిన అర వేరే బృందానికి కావాలి కాబట్టి వారంలో ఖాళీ చెయ్యమన్నాడు. పిచ్చుకే తన చేత్తో సీసాలన్నీ తీసి పారేసింది. ప్లేట్లని పెద్దక్క సంచుల్లో కట్టి, ఆవిరిలో ఉడికించి చంపే ఆటోక్లేవ్‌కి పంపింది.

నాలుగు రోజులయ్యాక, మధ్యాహ్నం వేళ, పిచ్చుక పరుగున వచ్చింది. సిద్ధాంత గ్రంథం అట్ట మీదకి బొమ్మ కావాలని, ప్లేట్లు పోయేముందు కెమెరాతో ఫొటోలు తీసి ఉంచుకుందట. కంప్యూటర్ తెర మీద ఒకటి పెద్దది చేసి చూపించింది. "పంతొమ్మిదో తరం, ముప్ఫై ఒకటో ప్లేటు. అంచు దగ్గర చూడండక్కా!"

పెద్దక్క తెరకి ముక్కు ఆనించినంత దగ్గరికి వంగి, తల పక్కకి తిప్పి చూసింది. మసక చుక్కల మధ్య ఒకే ఒక్కటి నిప్పుకణికలా ఉంది. చుట్టూ ఉన్నవాటికి మూడు రెట్లు. దాని పక్కనే, గోరంత దూరంలో, టూత్‌పిక్ గుచ్చిన గుంట. ఆమె చెయ్యి అక్కడిదాకా వెళ్లింది. వెళ్లి పక్కదాన్ని తీసుకుంది.

"ప్లేట్లు ఉన్నాయా అక్కా? ఏ మూలనైనా ఒక్కటి..."

"ఉడికించేశారమ్మా."

పిచ్చుక కుర్చీలో కూలబడింది. "సార్‌కి చూపించాను. దుమ్ము కణం అయినా అలాగే మెరుస్తుంది, ఫొటోని నమ్మి మళ్లీ మొదలుపెట్టలేం అన్నారు. మీరు చూశారు కదా అక్కా, మీరు చెబితే వింటారు. దుమ్మయితే మీరే వదిలేసి ఉంటారు. అది దుమ్మేనా?"

చెప్పడానికి ఇదే చోటని, ఇది దాటితే జన్మలో చెప్పలేనని పెద్దక్కకి అర్థమైంది.

"తెలీదు తల్లీ. అది నాకు కనపళ్లేదు."

"అంటే?"

"నాకు చూపు పోతోంది. పదహారో తరం ముందునుంచీ. నడుమ మచ్చ. నీకు చెప్పలేదు."

పిచ్చుక చాలాసేపు ఆమె కళ్లలోకే చూసింది, ఆ మచ్చ తనకీ కనిపిస్తుందేమో అన్నట్టు. "ఒక్క మాట చెప్పుంటే నేనే ఏరుకునేదాన్ని కదా అక్కా" అంది. "మూలనున్న మెషీన్ మీద గుడ్డ తీసి వాడుకునేదాన్ని." ఆ తర్వాత కంప్యూటర్ ఆపి, సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

పెద్దక్క నేరుగా పెద్దసారు గదికి వెళ్లి అంతా చెప్పింది. తిడతాడని, పనిలోంచి తీసేస్తాడని ఎదురుచూసింది. ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం అక్కా? ప్రాజెక్టు ముగిసిపోయింది. ఇది బయటికొస్తే మనం చేసిన పాత పనులన్నీ అనుమానిస్తారు. నువ్వు కంటికి వైద్యం చేయించుకో, పెందలాడే రిటైర్మెంటు తీసుకో. ఈ మాట ఇక్కడితో వదిలెయ్." చివరికి ఆమె తప్పుకి శిక్ష కూడా దొరకలేదు.

ఆ సాయంత్రం భర్తకి చెప్పింది. ఆయన తల దించుకుని, "నాకు తెలుసు. నువ్వు పాలు గ్లాసు పక్కన పోసిన రోజే తెలిసింది. నీ అంతట నువ్వే చెబుతావని ఊరుకున్నాను" అన్నాడు. ఇద్దరూ ఊరుకున్నారు, మధ్యలో ఓ పిల్ల ఐదేళ్లు బుగ్గయ్యాయి.

పిచ్చుక పీహెచ్‌డీ పూర్తి చేయలేదు. ఏదో ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో చేరిందని తెలిసి, ఆరు నెలలకి పెద్దక్క ధైర్యం చేసి ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నావమ్మా?"

"బానే ఉన్నానక్కా. మీ కళ్లు?"

"మచ్చ ఇంకా పెరిగింది."

అటువైపు ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. గాజు గొట్టాలు గలగలమన్నాయి.

"తల్లీ, నన్ను..."

"అడక్కండక్కా" అంది పిచ్చుక. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "క్షమించానో లేదో నాకే తెలీదు. రోజూ ఆ ఫొటో తీసి చూస్తాను. ఒకరోజు చుక్కలా ఉంటుంది, ఒకరోజు దుమ్ములా ఉంటుంది. పనుంది, ఉంటాను."

పెద్దక్క ఆ తర్వాత మళ్లీ చేయలేదు. అటునుంచీ రాలేదు.