వయసు గడిలో రాసింది

డాక్టర్ వేమూరి మల్లికార్జునరావు గారంటే నాటింగ్‌హామ్ తెలుగువాళ్ళకి దేవుడి తర్వాత దేవుడు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్లకి మెడికల్ సీటు కావాల్సొచ్చినా ముందు ఫోను ఆయనకే. ఆయనకి కోపం రాదట, అబద్ధం అసలే రాదట. ముప్పై అయిదేళ్ళుగా ఆయనతో కాపురం చేస్తున్న జయలక్ష్మి కూడా 2006 మే నెల దాకా ఆ మాటే నమ్మింది. నమ్మక చస్తుందా? కట్టుకున్నవాడు డాక్టరాయె, మాట చూస్తే వెన్నపూసాయె.

వాళ్ళకి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ లండన్లో ఉద్యోగాలు. వాళ్ళకంటే ముందు, 1973 అక్టోబరులో, ఒక ఆడపిల్ల. నాటింగ్‌హామ్‌కి గంట దూరంలో ఒక చిన్న టౌన్లో ఆయన జూనియర్ డాక్టరుగా ఉన్న రోజులవి. ఆయన పనిచేసే ఆసుపత్రిలోనే జయలక్ష్మికి ఆపరేషన్ చేశారు. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఆయన కూర్చుని ఉన్నాడు. "పాప పుట్టకముందే పోయింది జయా" అన్నాడు. ఒక్కసారి చూపించమంది. "తీసుకెళ్ళిపోయారు. ఈ దేశంలో ఇలాంటివన్నీ ఆసుపత్రి వాళ్ళే చూసుకుంటారు" అన్నాడు. పసిపిల్లల్ని మనవాళ్ళు కాల్చరు, పూడుస్తారు. వీళ్ళూ ఎక్కడో ఒకచోట పూడ్చే ఉంటారు కదా, ఆ చోటు చెప్పండి, ఒక్కసారి వెళ్ళి రెండు పూలు పెట్టొస్తాను అని ముప్పై మూడేళ్ళలో ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. అడిగిన ప్రతిసారీ ఆయన తల నిమిరి, "తెలీదు జయా, మర్చిపో" అనేవాడు. ఎలా మర్చిపోతుందయ్యా? నవమాసాలు మోసింది నువ్వా, ఆవిడా?

ఆ మే నెలలో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం జరిగింది. ప్రసాదం తింటూ పక్కన కూర్చున్న అమ్మాయిని జయలక్ష్మి పలకరించింది. పేరు రచన, వరంగల్ పిల్ల. ఉద్యోగం ఎక్కడమ్మా అంటే సరిగ్గా ఆ చిన్న టౌన్ పేరే చెప్పింది.

"అక్కడి కౌన్సిల్ల ఆంటీ. మస్తు బోరింగ్ జాబ్. నూరేండ్ల సంది ఎవర్ని ఏడ పాతిపెట్టిన్రో అన్నీ పెద్ద పెద్ద రిజిస్టర్లల్ల ఉన్నయ్. ఒక్కో పేజీ స్కాన్ చేసుడు, పేర్లు కంప్యూటర్ల ఎక్కించుడు."

జయలక్ష్మి చేతిలో ప్రసాదం చేతిలోనే ఉండిపోయింది. "చనిపోయి పుట్టిన పిల్లలవి కూడా ఉంటాయా అమ్మా?"

"ఎందుకుండయ్? అందరియీ ఉంటయ్. ఈ నడుమ తల్లులు మస్తు మంది వస్తున్నరు ఆంటీ, ముసలోళ్ళు, ఇంగ్లీషోళ్ళు. ఆసుపత్రోళ్ళు చెప్పకుంటే ఏమాయె, మా బుక్కుల దొర్కుతది."

ఆ సాయంత్రం ఇంటికి రాగానే భర్తకి చెప్పింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చేతిలో పేపరు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "అంత పాతవి ఉంచుతారా? పారేసి ఉంటారు" అన్నాడు. రచన వాటినే స్కాన్ చేస్తోందంటే, అవి బయటివాళ్ళకి చూపించరన్నాడు. నేను తల్లినండీ అంటే, "పాత పుండు కెలుక్కోవడం దేనికి జయా, నీ ఆరోగ్యానికి మంచిది కాదు" అంటూ గొంతు పెంచాడు. తర్వాత వానలోనే నడకకి వెళ్ళిపోయాడు. పాపం, ఈయనకీ ఆ దుఃఖం లోపల ఉండిపోయిందే అని జయలక్ష్మి కిటికీలోంచి చూస్తూ జాలిపడింది. పిచ్చి మాలోకం.

మంగళవారం ఆవిడ ఒక్కతే బస్సెక్కి ఆ టౌన్‌కి వెళ్ళింది. కౌన్సిల్ ఆఫీసు కింద నేలమాళిగలో రచన పనిచేసే గది. చెమ్మ వాసన, గోడ నిండా ఎర్ర అట్టల రిజిస్టర్లు. ఫోనులో ముందే చెప్పడంతో రచన అప్పటికే 1973 పుస్తకం తీసి పెట్టింది కానీ మొహం దిగులుగా ఉంది.

"చనిపోయి పుట్టినోళ్ళ లిస్టు రెండుసార్లు చూసిన ఆంటీ. అక్టోబర్ల మీ పాప లేదు. నవంబర్ల గూడ లేదు."

"అయితే అసలు పూడ్చలేదంటావా?" జయలక్ష్మి రచన చేయి పట్టుకుంది. "చెత్తలో గానీ వేశారా తల్లీ?"

"అట్లనకండి ఆంటీ. ఆగుండ్రి, మామూలోళ్ళ పేజీలు గూడ చూస్త."

ఒక్కో పేరు మీదుగా వేలు జరుపుకుంటూ వెళ్ళింది. ఎనభై ఏళ్ళ ముసలాయన, అరవై ఏళ్ళ వంటావిడ, రైలు కింద పడ్డ కుర్రాడు. నాలుగో పేజీలో వేలు ఆగింది.

"ఏమైందమ్మా?"

"గిది వేరేటోళ్ళదేమో ఆంటీ."

"ఏదీ, చూడనీ." జయలక్ష్మి కళ్ళజోడు పెట్టుకుంది. నీలం సిరా, గుండ్రటి చేతిరాత. పేరు: వేమూరి, ఆడశిశువు. చనిపోయిన చోటు: ఆ ఆసుపత్రే. సమాధి నంబరు ఉంది, అదే గుంటలో మరో అయిదుగురు పసివాళ్ళున్నారని కూడా రాసుంది. దొరికింది! బంగారుతల్లి దొరికింది! ఆవిడ ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడుముతూ పక్క గడి దగ్గరికొచ్చింది. వయసు గడిలో ముప్పై ఒక్క గంటలు అని రాసుంది.

"ఇదేంటమ్మా? చచ్చి పుట్టిన పిల్లకి వయసేంటి? తప్పు రాశారు."

రచన తల వంచుకుంది. "చనిపోయి పుడితే ఆ గడిల గీత కొడ్తరు ఆంటీ. గంటలు రాసిన్రంటే, గన్ని గంటలు బతికినట్టు."

మేడ మీద జనన మరణాలు నమోదు చేసే ఆఫీసు ఉంటే, రచన ఆవిడ చేయి పట్టుకుని పైకి తీసుకెళ్ళి మరణపత్రం నకలు తీయించింది. వెన్నెముక తెరుచుకుని పుట్టిందనీ, దానివల్లే పోయిందనీ ఉంది. వివరాలు చెప్పినవారు: తండ్రి. మరణ సమయంలో దగ్గరున్నారు. కింద సంతకం. ఆ సంతకాన్ని జయలక్ష్మి ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది. కొడుకుల స్కూలు కాగితాల మీదా, పుట్టినరోజు కార్డుల మీదా, ఇంటి పత్రాల మీదా అదే సంతకం. నకలు నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

ఆవిడ ఇంటికొచ్చేసరికి ఆయన పెరుగన్నంలో మాగాయ నంజుకుంటున్నాడు. రోజూ వినే చప్పరింపే, ఆ రోజు వింటుంటే ఒళ్ళంతా కంపరమెత్తింది. ఛీ, ఈ నోటికా ఇన్నాళ్ళు వండి పెట్టాను అనుకుంది. కాగితం తీసి కంచం పక్కన పెట్టింది.

ఆయన చేయి కడుక్కోకుండానే, "నువ్వు తట్టుకోలేవని" అన్నాడు.

"నేనా? మీరా?"

"ఎలాగూ బతకదు జయా. చూస్తే జీవితాంతం ఆ రూపం నీ కళ్ళల్లో ఉండిపోతుంది. నీ మంచికే చేశాను."

"నా మంచికేనా? నిజం చెప్పండి. ఈ వయసులోనైనా ఒక్క నిజం చెప్పండి."

ఆయన కంచంలోకి చూస్తూ చెప్పాడు. "అప్పుడే మా చెల్లి పుష్పలీలకి ఏలూరు సంబంధం ఖాయమవుతోంది. మా ఇంట్లో అలాంటి పిల్ల పుట్టిందని తెలిస్తే వాళ్ళు వెనక్కి పోయేవాళ్ళు. చచ్చి పుట్టిందంటే ఎవరూ ఏమీ అనరు."

"నాకు చెప్తే ఏలూరుకెలా తెలుస్తుందండీ?"

"నువ్వు మీ అమ్మకి ఉత్తరం రాసేదానివి."

జయలక్ష్మి కుర్చీ పట్టుకుని నిలబడింది. ఉత్తరం! ఒక ఎయిర్‌మెయిల్ ఉత్తరం రాస్తుందని బిడ్డని తల్లికి చూపించలేదు ఈ మహానుభావుడు. ఆడపడుచు పెళ్ళిలో పట్టుచీర కట్టుకుని తలంబ్రాల పళ్ళెం మోసింది తనే. ఆ రోజు ఈయన పక్కనే నిలబడి ఫోటోకి నవ్వాడు. ఊళ్ళో జనం ఈయన కాళ్ళకి మొక్కుతారు. థూ!

"ఏ వార్డులో ఉంచారు?"

"నీ వార్డు కిందే. ఒక అంతస్తు కింద."

"మీరు వెళ్ళారా?"

"మధ్య మధ్యలో వెళ్ళేవాణ్ణి."

"అక్కణ్ణుంచి నా దగ్గరికొచ్చి నా తల నిమిరేవారు."

ఆయన ఎంగిలి చేత్తోనే కాగితాన్ని పక్కకి జరిపాడు.

"ఏడ్చిందా?"

"జయా, ఇప్పుడవన్నీ..."

"ఏడ్చిందా లేదా?"

"ఏడ్చింది" అన్నాడు మెల్లిగా. "పాల కోసం ఏడ్చేది. నర్సు సీసా పట్టేది."

అదే రోజు పై అంతస్తులో నర్సులు జయలక్ష్మి రొమ్ములకి గుడ్డ బిగించి కట్టారు. పాలు ఇంకిపోవడానికి మాత్రలిచ్చారు. సలుపు భరించలేక ఆవిడ ఏడిస్తే ఈయనే ఊరుకోబెట్టాడు. ఆవిడ ఆ కంచం తీయలేదు, పడకగదిలోకి మళ్ళీ వెళ్ళలేదు. ముందుగదిలో సోఫా మీద పడుకుంది.

శనివారం పొద్దున్నే రచన కారు తెచ్చి గుమ్మం ముందు ఆపింది. జయలక్ష్మి సమాధి నంబరు రాసుకున్న చీటీ పట్టుకుని బయటికి వస్తుంటే, ఆయన కోటు వేసుకుని బూట్లు తొడుక్కుంటున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేనూ వస్తాను జయా. నా కూతురు కూడా కదా."

"మీరు చూశారుగా" అంది జయలక్ష్మి. "ముప్పై ఒక్క గంటలు మీరే చూశారు. ఇక నన్ను చూసుకోనివ్వండి."

తలుపు వేసి వెళ్ళి కారెక్కింది.