ఫ్రీజరుకు గుమ్మం

లిఫ్టులో పట్టకపోవడంతో ఫ్రీజరు మెట్లెక్కి తానే వస్తోంది. మలుపు దగ్గర కూర్చుని కాసేపు అలుపు తీర్చుకుంటుంది. నేను చెంబుతో నీళ్లు తీసుకెళ్లి, మూత కొంచెం ఎత్తి పోస్తాను. గుటకలు వేస్తూ తాగుతుంది. పాత గాజువాకలో మూసేసిన ఐస్‌క్రీం కొట్టులోది ఇది. దీనికి గుండెజబ్బు గానీ ఉందేమో కనుక్కున్నావా అని మా అబ్బాయి కిరీటిని అడుగుతాను. మోటారు బాగానే ఉందమ్మా అంటాడు.

ఎదురింటి వరహాలమ్మ గారు తలుపు సందులోంచి చూస్తున్నారు.

"ఏటండీ, ఐస్‌క్రీం కొట్టెడతన్నారేటి?"

అబద్ధం ఆడే ఓపిక లేక, బీరు కోసం అంటాను. ఆవిడ, పోన్లెండి, అబ్బాయి ఇంటిపట్టునుంటాడు అంటారు.

ఇంటిపట్టున ఉండాలనే ఇదంతా. వాళ్ల నాన్న పోయినప్పటి నుంచి ఇంట్లో మేమిద్దరమే. వాడు స్నేహితులతో బీచ్ రోడ్డుకి వెళ్లిన ప్రతిసారీ నేను ఫోను చేస్తూనే ఉంటాను. లారీ గుద్దేసిందా, పోలీసులు పట్టుకున్నారా, అల లాక్కుపోయిందా. వాడు ఎత్తకపోతే స్నేహితులకు చేస్తాను. వాళ్లూ ఎత్తకపోతే వాళ్ల అమ్మలకు చేస్తాను. ఇప్పుడు వాడికి స్నేహితులు లేరు. తాగాలనుంటే నా కళ్ల ముందే తాగరా అని నేనే అన్నాను. అందుకని ఇంట్లోనే బీరు పంపు కడుతున్నాడు.

ఫ్రీజరు లోపల బీరు పీపా, పక్కన గ్యాసు బండ, పైన కొళాయి. బీరు గడ్డకట్టకుండా కరెంటుని ఆపుతూ వదులుతూ ఉండే చిన్న మీటరొకటి. బండ అనగానే నాకు పేపర్లో పడే ఫొటో కళ్ల ముందుకొస్తుంది. ఇది మండే గ్యాసు కాదమ్మా, సోడాలో ఉండేదే అంటాడు. సోడాలు కూడా పేలతాయి అంటాను. అది నిజమే కాబట్టి బండని నాకు కాస్త దూరంగా జరుపుతాడు.

కొళాయి కోసం ఫ్రీజరు గోడకి కన్నం పెట్టకూడదట. గోడల్లో దాని నరాలుంటాయి, ఒక్కటి తెగినా చలంతా కారిపోతుందట. చెయ్యి వేసి చూస్తాను. నాడి కొట్టుకుంటోంది, భయపడ్డవాళ్లకి కొట్టుకున్నట్టు. అందుకని పెట్టెకీ మూతకీ మధ్య చెక్కచట్రం బిగించి, కన్నం ఆ చెక్కకే పెడతాడు. టేకు పలకలు కోసి, మూలలు కలిపి, కొళాయి అమర్చి, ఒళ్లంతా రంపంపొట్టు అయిందని స్నానానికి వెళ్తాడు.

ఆ కాసేపట్లోనే నేను తప్పు చేస్తాను. నాలుగు చెక్కలు మూలలు కలిసి ఉంటే నా చేతులకు అది గుమ్మమే. కొత్త గుమ్మం బోసిగా ఉండకూడదు. పసుపు తడిపి నాలుగు వైపులా రాస్తాను, కుంకుమ బొట్లు పెడతాను, మామిడాకులు గుచ్చి కడతాను. వాడికి కరెంటు కొట్టకూడదని, బండ పేలకూడదని దండం పెట్టుకుంటాను. గుమ్మమంటూ ఉంటే దాని వెనక ఇల్లు ఉండాలి కదా అన్నది నాకు తోచదు.

కిరీటి తల తుడుచుకుంటూ వచ్చి చూస్తాడు. కోప్పడడు.

"బొట్టెట్టీసేవు కదమ్మా," అంటాడు. "ఇంక లోపలికి వెళ్లకపోతే బాగోదు."

స్టవ్వు మీద పొంగిన పాలగిన్నె పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి చెక్క దాటి దిగుతాడు. నేను వంగి చూస్తాను. లోపల హాలు, దాని వెనక వంటగది, తూర్పున కిటికీ, కిటికీలోంచి తెల్లటి పెరడు. మంచి ఇల్లు. వంక పెట్టడానికి ఏమీ లేదు. వాడు పీపాని వంటగది మూల నిలబెట్టి, బండకి గొట్టం తగిలించి, అక్కడే ఉండిపోతాడు.

గృహప్రవేశానికి పిలవలేదేమని నిష్ఠూరమాడుతూ వరహాలమ్మ గారు వస్తారు. తెచ్చిన గోడగడియారాన్ని వంగి వాడి చేతికందిస్తారు. మర్యాదకి మజ్జిగ గ్లాసులో ఒక గుక్క బీరు పుచ్చుకుంటారు.

"కుడితిలాగుందండి," అంటారు. "చల్లగుంది మటుకు."

ఆ ఇంట్లో లారీలు లేవు. కుక్కలు లేవు. ఈగ కూడా వాలదు. నాకేమీ పని మిగలదు. నా భయం నా గుండెల మీంచి దిగి, నా పాత నైటీ వేసుకుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుంటుంది. ఇంక నన్నేం చెయ్యమంటావు అని అడుగుతుంది. చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యి అంటాను. ఎన్నో ఏళ్ల తర్వాత మధ్యాహ్నం పూట నిద్రపోతాను. నిద్రలో కూడా కాళ్లు లాగుతూనే ఉంటాయి.

లేచి మూత ఎత్తి, ఏం తిన్నావురా అని అడుగుతాను. వాడి నోరు కదులుతుంది. చప్పుడు రాదు. మాట గడ్డకట్టి, మంచుముక్కగా గుమ్మం మీద పడుతుంది. దాన్ని మూకుడులో వేసి సన్నటి సెగ మీద పెడతాను. కరిగి, మరగడం మొదలెట్టాక వినిపిస్తుంది: ఆకలి లేదమ్మా.

ఆ తర్వాత అడిగినప్పుడు చాలా ముక్కలు పడతాయి. మూకుడు నిండిపోతుంది. సాయంత్రమైతే గ్లాసులన్నీ నింపి పెట్టుకుని కూర్చుంటున్నాడట. ఎవరూ రావట్లేదట. వచ్చేవాళ్లకి దారి ఎలా చెప్పాలో తెలియట్లేదట. వింటూ మంట తగ్గిస్తాను. అప్పుడు మాట సాగి సాగి, అలిసిపోయినవాళ్ల మాటలా వస్తుంది.

రానురాను ముక్కలు చిన్నవవుతాయి. వాడికి గడ్డం పెరగట్లేదు. కనుబొమలు మంచుతో తెల్లబడుతున్నాయి. ఇదేమిటి అని నా భయాన్ని అడుగుతాను. అది కాయల మీంచి తల ఎత్తదు.

"అందులో ఏదీ చెడిపోదు కదా," అంటుంది. "నువ్వడిగింది అదే."

ఒకసారి బియ్యపుగింజంత ముక్క పడుతుంది. కరిగిస్తే ఒట్టి నీళ్లు. మరిగిస్తే ఒట్టి ఆవిరి. మూకుడుకి దగ్గరగా చెవి పెడతాను. ఏమీ లేదు. ఉత్త మూకుడుని పొయ్యి మీంచి దించుతాను, మళ్లీ పెడతాను, మళ్లీ దించుతాను. నా భయమేమో కుర్చీలోనే కూర్చుని ఉంది, కదల్లేదు. కాబట్టి ఇది భయం కాదు. దీని పేరు నాకు తెలియదు.

వాడు బయటికి రాకపోతే ఇంక మాటే ఉండదని తెలుస్తుంది. ప్లగ్గు పీకుదామంటే, మనిషున్న ఇంట్లో దీపం ఆర్పినట్టవుతుంది. చట్రం ఊడదీద్దామంటే, ఎత్తిన గుమ్మాన్ని మనిషి లోపలుండగా కదపకూడదు. వాడే దాటి రావాలి. ఒంగుని, రారా నాన్నా అని పిలుస్తాను. నిండు గ్లాసుల వరస వెనక నుంచి నా వైపు చూస్తాడు. లేవడు. మెల్లగా పెదవి కదిలిస్తాడు. ఒక ముక్క పడుతుంది. పొయ్యి దాకా వెళ్లే ఓపిక లేక అరచేతిలోనే కరిగిస్తాను.

బయట ఏమైనా అవుద్దేమో.

ఆ గొంతు వాడిది కాదు. నాది.

మూత ఇంకాస్త పైకెత్తి పట్టుకుంటాను. చేతులు లాగుతున్నాయి. చెప్పవలసిన మాట నాకు అలవాటు లేదు. నోట్లో ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది.

"బయటికెళ్లి లేటుగా రా, నాన్నా," అంటాను. "ఎక్కడున్నావని ఫోన్ చెయ్యను."

నా మాట వేడిగా పడుతుంది. గుమ్మం మీద పసుపు కరిగి కారుతుంది. వాడు ఒక చెయ్యి కదుపుతాడు, తర్వాత మెడ, తర్వాత మోకాళ్లు. ముసలివాళ్లు లేచినట్టు లేచి, చెక్క దాటి, మా హాల్లోకి దిగుతాడు. నా పక్కనుంచి వెళ్తుంటే చలి కొడుతుంది. చెప్పులు వేసుకుంటాడు.

"వెళ్లొస్తానమ్మా."

మూకుడు లేకుండానే వినిపిస్తుంది.

బాల్కనీలోకి వెళ్తాను. దీపాలు పెట్టే వేళ. వాడు గేటు ముందు ఎటు తిరగాలో తెలియక నిలబడి ఉన్నాడు. స్తంభాల మీది దీపాలు ఒక్కొక్కటే మెడలు వంచి వాణ్ణి చూస్తాయి. వాటిలోంచి వెలుతురు పలచగా, నురగగా కారి రోడ్డు తడుస్తుంది. తడి మీద జారతాడేమో. జాగ్రత్త అనే మాట నా నాలిక చివరి దాకా వస్తుంది. మింగేస్తాను.

ఆ మాట గొంతులోంచి దిగి కడుపులో ఆగి వెలుగుతుంది. చీర మీంచి కూడా కనిపిస్తోంది. ఎక్కడివో పురుగులు వచ్చి చుట్టూ తిరుగుతాయి. అరికాళ్లు నాపరాయిలోకి దిగి బిగుసుకుంటాయి. చాలా కాలంగా నిలబడాలనుకున్నట్టే ఉంది, నొప్పి లేదు. వీధిదీపాల్లాగే నా మెడ సాగుతుంది. పిట్టగోడ దాటి, వరహాలమ్మ గారి ఆరేసిన బట్టలు దాటి, వీధి మీదికి వంగుతుంది.

నా వెలుతురు రోడ్డు మీద గుండ్రంగా పడుతుంది. కిరీటి ఈ అంచున అడుగు పెట్టి, ఆ అంచున దాటి, పక్క దీపం కిందికి వెళ్తాడు. కాకి ఒకటి గూటికని ఇనపతీగ ముక్క తెచ్చి నా తల మీద పెట్టి, సరిగ్గా కూర్చుందో లేదో ముక్కుతో నొక్కి చూసుకుని, ఇంకొకటి తేవడానికి ఎగిరిపోతుంది.