మావయ్య స్లైడు

ముప్పై ఏళ్లు ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు స్లైడ్లకు రంగులు వేసి రిటైరైన మావయ్య, ఈసారి తానే ఒక స్లైడై వచ్చాడు. క్లోమంలో గడ్డ. క్యాన్సరేనని తేలింది. ఇంట్లో కూర్చోమంటే వింటాడా? పొద్దున్నుంచీ ల్యాబు బయట బల్ల మీద తిష్ట వేసి, లోపలికి వెళ్లే ప్రతివాళ్లకూ సలహాలిస్తున్నాడు. లోపల ఆయన గడ్డలోంచి తీసిన ముక్కకు రంగు వేస్తున్నది ఆయన మేనకోడలే. ఆ పని నేర్పిందీ ఆయనే.

ఇక తేలాల్సింది ఏ రకమన్నదే. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలకు గుర్తుగా ఒక ప్రొటీన్ ఉంటుంది. మందు చుక్క వేసి కడిగితే అది గోధుమరంగుకు తిరుగుతుంది. గడ్డ కణాలకూ ఆ రంగు వస్తే, అవి చెడిపోయినా తమ పుట్టుక మరిచిపోలేదన్నమాట. అది నిదానంగా పెరిగే రకం, ఆపరేషనుకు లొంగుతుంది. రంగు రాకపోతే ఆశ పెట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

ప్రతి స్లైడు మీదా రోగి ముక్క పక్కన అదే అవయవానిది ఆరోగ్యమైన ముక్క ఒకటి పెట్టడం, ముందు దాన్ని చూశాకే రోగిది చూడడం మావయ్య పెట్టిన పద్ధతి. ఎవరైనా తప్పితే చెడామడా తిట్టేవాడు. మేనకోడలు పక్క ముక్కయితే పెట్టింది కానీ, ఆత్రం ఆగక నేరుగా మావయ్య ముక్క మీదకే వెళ్లింది. వెతికి వెతికి చూసినా ఎక్కడా రంగు లేదు.

మంచినీళ్ల కోసం బయటికి వస్తే, "మొహం అలా వేలాడేశావేమే? తిన్నావా?" అన్నాడాయన. ఆమె గబగబా బాత్రూములో దూరి, కుళాయి తిప్పి, వెక్కి వెక్కి ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి, ల్యాబు రిపోర్టులు రాసే డాక్టరమ్మ ఆ స్లైడే చూస్తోంది.

"పక్క ముక్క చూశావా?"

"లేదు మేడమ్."

"చూడు. దానికీ రంగు రాలేదు. బాగున్న కణాలకే రాలేదంటే తప్పు గడ్డది కాదు తల్లీ, నీది."

ఫ్రిజ్ తెరిస్తే కొత్త మందు సీసాకు సీలు అలాగే ఉంది. కడగాల్సినన్ని సార్లు కడిగి, అసలు చుక్కే వేయలేదు మహాతల్లి! ఇరవై ఏళ్ల అనుభవం గాలికి పోయింది.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టి, ఒక్కో పనీ పైకి చెప్పుకుంటూ చేసింది. సాయంత్రానికి పక్క ముక్కలో గోధుమరంగు గుంపులు కనిపించాయి. స్లైడు జరిపింది. మావయ్య ముక్క నిండా అదే రంగు. డాక్టరమ్మ కూడా చూసి ఆమె వీపు తట్టింది.

ఒక్క పరుగున బయటికి వచ్చింది. "రంగు పట్టింది మావయ్యా! నిండుగా పట్టింది!"

ఆయనకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"మరి మధ్యాహ్నం ఆ ఏడుపు మొహం ఏమిటే?"

"చుక్క వేయడం మర్చిపోయాను. నీదని చేతులు ఆడలేదు."

తిట్లు తప్పవని తల వంచుకుంది. ఆయన జరిగి, బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మీ అమ్మ స్లైడుకి నేనూ మర్చిపోయానే. ఒక పూటంతా అది పోయినట్టే ఏడ్చాను. ఆ మర్నాడే పక్క ముక్క పద్ధతి పెట్టాను. దానికి ఇప్పటికీ తెలీదు, చెప్పకు."