కదలని అంకెలు

పదిన్నర గంటల అంకెలు రిజిస్టరులోకి ఎక్కించి, పెన్ను జేబుకు తగిలించి, హనుమండ్లు మళ్ళీ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురుగా తెర మీద పన్నెండు గళ్ళు. ఒక్కో గడి బొగ్గుబాయి లోపలి ఒక్కో చోటు. అక్కడి గాలిలో మండే గ్యాసు నూటికి ఎంత ఉందో గడిలో పచ్చటి అంకెగా కనిపిస్తుంది. ఒకటింబావు దాటితే కరెంటు ఆపి మనుషుల్ని బయటికి తేవాలి. ఆ అంకెలు ఎప్పుడూ కుదురుగా ఉండవు. సున్నా పాయింటు నాలుగు ఐదవుతుంది, మళ్ళీ నాలుగవుతుంది. పదహారేళ్ళుగా వాటిని చూస్తూ కూర్చోవడమే అతని పని.

పదీ నలభై రెండుకు బల్ల కింద కంప్యూటరు డబ్బాలోని ఫ్యాను గొంతు పెంచింది. హనుమండ్లు వీపు నిటారయింది. తెర అడుగున కుడిమూల డాలు బొమ్మ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. పన్నెండు అంకెలూ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నాలుగో గడిలో సున్నా పాయింటు ఆరు. పచ్చగానే ఉంది. తెలియనివాళ్ళు చూస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే.

గోడ గడియారం చూశాడు. ఒక నిమిషం. రెండు.

ఆ డాలు బొమ్మ నెల కిందట వచ్చింది. వైరస్‌లను పట్టే కొత్త సాఫ్ట్‌వేరని పెద్దాఫీసు వాళ్ళు ఎక్కించారు. అప్పటినుంచి అది తనకు తోచినప్పుడు స్కానింగు మొదలుపెడుతోంది. పాత కంప్యూటరు ఆ బరువు మోయలేక ఇరవై నిమిషాలు బిగుసుకుపోతోంది. ఈ వారంలో రెండుసార్లు హనుమండ్లు కిందికి ఫోన్ చేసి గ్యాసును చేతిమీటరుతో కొలిపించాడు. రెండుసార్లూ ఏమీ లేదు. రెండుసార్లూ అరగంట పని ఆగింది. కంప్యూటర్లు బాగుచేసే కాంట్రాక్టు ఇంజనీరు అవేజ్ వచ్చి, ఆ కుర్చీలోనే కూర్చుని, గంటసేపు అక్కడా ఇక్కడా నొక్కి చూశాడు. అతను కూర్చున్నంతసేపూ స్కానింగు ఊసే లేదు.

"నిద్ర గిట్ల పోతున్నవా ఏంది?" అన్నాడు అండర్ మేనేజరు, నిన్న, అందరి ముందూ. "ఇంకోపారి ఉత్తగనే పని ఆపిస్తే మీదికి రాసి పంపుత."

మూడు నిమిషాలు.

ఈ కుర్చీకి ముందు పద్నాలుగేళ్ళు బాయి లోపల పైకప్పుకు దిమ్మెలు నిలబెట్టాడు హనుమండ్లు. కప్పు కూలి ఎడమకాలు నుజ్జయితే పైన ఈ పని ఇచ్చారు. ముంజేతుల చర్మంలో ఇరుక్కున్న బొగ్గు నీలపు గీతలై ఇంకా ఉంది. నాలుగో చోట ఇరవైమూడు మంది పనిచేస్తున్నారు. పొద్దున దిగేముందు కొందరు కిటికీలోంచి చెయ్యూపారు కూడా. ఫోను మీద చెయ్యి వేసి తీశాడు. పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగుతోంది. మళ్ళీ చెయ్యి వేశాడు. ఈసారి ఎత్తాడు.

చాలాసేపు మోగింది.

"ఎవలు?" ఆ చోట పని చూసుకునే సర్దార్ సదానందం గొంతు.

"నేను, హనుమండ్లును. నంబర్లు ఆగిపోయినయి. జర మీటరు పెట్టి చూడరాదే."

"మళ్ళనా అన్నా? నిన్ననే గదనే తిట్లు తిన్నవు."

"తిట్లు నాకు పడ్తయి తియ్. నువ్వు చూడు. కప్పుకు దగ్గరగ పెట్టి చూడు."

రిసీవరు కింద పెట్టిన చప్పుడు. హనుమండ్లు ఫోనును చెవికి అదుముకున్నాడు. బొగ్గు మోసే బెల్టు తిరుగుతున్నది వినిపిస్తోంది. దాని వెనక ఎప్పుడూ ఉండే గాలిఫ్యాను హోరు లేదు. అడుగుల చప్పుడు, పరుగు.

"అన్నా! ఒకటింబావు దాటింది. ఒకటీ పాయింటు నాలుగు!"

"కరెంటు బంద్ చెయ్. అందర్ని తీస్కొని బయటికి రా. ఉరుకుండ్రి!"

తెర మీద నాలుగో గడి ఇంకా సున్నా పాయింటు ఆరనే చెబుతోంది, పచ్చగా.

హనుమండ్లు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. బాయి మొగదల ఒక్కొక్క టోపీ వెలుతురులోకి వస్తుంటే పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. ఇరవైమూడోది సదానందానిది. అప్పుడు గాని చువ్వలు వదల్లేదు.

లోపల గాలిఫ్యాను తీగ ఊడిపోయిందని తేలింది. దాన్ని బిగించాక గంటన్నరకు గ్యాసు దిగింది. అండర్ మేనేజరు గదిలోకి వచ్చి తెరను చూశాడు, హనుమండ్లును చూశాడు. "రిపోర్టు రాసియ్యి" అని వెళ్ళిపోయాడు.

అవేజ్ మోటారుసైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నేనుంటే రాదు, మీరుంటే వస్తది. రోజూ ఎట్ల కూసుంటరో గట్లనే కూసోండ్రి చాచా. నేను చూస్త."

హనుమండ్లు కూర్చున్నాడు. పదో నిమిషం దాటగానే డబ్బాలో ఫ్యాను గొంతు పెరిగింది, డాలు తిరిగింది. అవేజ్ తెరను చూడటం లేదు. హనుమండ్లు చేతులను చూస్తున్నాడు.

"మీరు మౌస్ ముట్టనే ముట్టరా?"

"ముట్టద్దన్నరు బిడ్డా. ఈడ కూసోవెట్టిన నాడే పాత ఇంజనీరు సాబ్ చెప్పిండు. చూసుడే నీ పని, దేన్నీ ముట్టకు అని."

"పదహారేండ్ల సంది?"

"ముట్టలే."

అవేజ్ నుదురు కొట్టుకున్నాడు. "నడుమ నడుమ లేచి చూస్తది, పది నిమిషాల సంది మౌస్ కదలకుంటే గీ సాఫ్ట్‌వేర్ ఎవలు లేరనుకుంటది చాచా. కుర్చీ ఖాళీగున్నది, ఇదే మోకా అని స్కాన్ షురూ చేస్తది. నేను కూసుంటే నా చెయ్యి ఊకోదు. గందుకే నాకు దొరకలే." గోడ వదిలి దగ్గరికి వచ్చాడు. "మీరు నిద్రపోతుండ్రేమో అని నేను గూడ అనుకున్న. మాఫ్ చెయ్యండ్రి."

హనుమండ్లు తెర వైపే చూస్తూ, "నేను ఈడనే ఉన్న గదా" అన్నాడు మెల్లగా.

స్కానింగును ఆపే మీటకు తాళం ఉంది. దాని పాస్‌వర్డు పెద్దాఫీసులో ఉంది. అది వచ్చేదాకా రెండు నిమిషాలకోసారి మౌసు కదుపుతూ ఉండాలి. హనుమండ్లు కోడిపిల్లను ముట్టినట్టు మౌసును ముట్టాడు. కదిపాడు. గడియారం చూశాడు. మళ్ళీ కదిపాడు. అవేజ్ వరండాలో తిరుగుతూ ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేస్తున్నాడు.

ఒంటిగంటకు లోపలికి వచ్చి చూస్తే హనుమండ్లు చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. టిఫిను డబ్బా మూత తీయలేదు.

"మొఖం గట్లయిందేంది చాచా? డిస్పెన్సరీకి పోయిరాండ్రి."

"నంబర్లు ఎవలు చూస్తరు? ఏం లేదు, గ్యాస్ పట్టింది. పొద్దుగాల ఉత్త కడుపుతోని చాయ్ తాగిన."

"నేను చూస్త."

"నీకు తెల్వది బిడ్డా. ఏది కదులుతుందో, ఏది కదిలినట్టు చేస్తుందో తెల్వాలె."

రెండూ నలభైకి పాస్‌వర్డు వచ్చింది. అవేజ్ వరసగా నాలుగు పేజీలు తెరిచి, 'ఖాళీగా ఉన్నప్పుడు స్కాన్ చేయి' అన్న వరుస పక్కనున్న గుర్తు తీసేశాడు. "ఇగ చెయ్యి తియ్యండ్రి" అన్నాడు. ఇద్దరూ పదిహేను నిమిషాలు చూశారు. ఫ్యాను గొంతు పెరగలేదు. నాలుగో గడిలో సున్నా పాయింటు ఐదు ఆరయింది, మళ్ళీ ఐదయింది. అవేజ్ నవ్వాడు. హనుమండ్లు ఊపిరి వదిలాడు గాని, పూర్తిగా వదల్లేకపోయాడు.

మూడింటికి రెండో షిఫ్టు దేవదాస్ వచ్చాడు. జరిగిందంతా అతనికి చెప్పి, రిజిస్టరులో సంతకం చేసి, హనుమండ్లు కుంటుతూ గేటు దాటాడు. డిస్పెన్సరీ సాయంత్రం ఐదుకు గాని తెరవరు. రేపు పోదాంలే అనుకున్నాడు.

గేటు బయట ఆటోలు ఆగే చోట చంద్రవ్వ సీతాఫలాలు అమ్ముతోంది. దసరా వెళ్ళిన వారం; అడవి కాయ దిగుతున్న రోజులు.

"ఇయ్యాల తినకు అన్నా. రేపటికి పండుతయి" అంది ఆరు కాయలు ఏరి సంచిలో వేస్తూ.

"మా యాదవ్వకు పానం ఇవ్వంటే" అన్నాడు. యాదవ్వ అతని భార్య.

సిమెంటు బెంచీ మీద కూర్చుని సంచి పక్కన పెట్టుకున్నాడు. రోజూ ఎక్కే నస్పూర్ ఆటో వచ్చింది. డ్రైవరు హారను కొట్టాడు. హనుమండ్లు లేవలేదు. ఎవరికోసమో చూస్తున్నాడనుకుని డ్రైవరు వెళ్ళిపోయాడు. ఇంకో ఆటో కూడా అలాగే వెళ్ళింది. నాలుగున్నరకు బుట్ట సర్దుకుంటూ చంద్రవ్వ, "అన్నా, ఆటోలు పోతున్నయి, ఇంటికి పోవా?" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. దగ్గరికొచ్చి భుజం ముట్టి, ఒళ్ళు చల్లబడి ఉంటే చెయ్యి వెనక్కి తీసుకుంది.

సదానందం, ఇంకో నలుగురు మోసుకెళ్ళి జీపులో పడుకోబెట్టారు. అవేజ్ వెనకే మోటారుసైకిలు మీద వెళ్ళాడు. ఆ హడావుడిలో సంచి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు చంద్రవ్వ బుట్ట దించి చూసేసరికి సంచి బెంచీ మీదే ఉంది. లోపల కాయలన్నీ పండి, కళ్ళు తెల్లగా విచ్చుకుని, తీయని వాసన వేస్తున్నాయి.