పేరు నోట్ల ఉన్నంతసేపు

పొద్దున ఏడింటికి ఐలవ్వ రాజమౌళి కార్ఖానాకు వస్తుంది. గోడవార పీట వేసుకుని, కండెలకు దారం చుట్టడానికి కూర్చుంటుంది. కూర్చునేటప్పుడు మోకాలు కలుక్కుమంటుంది. "రాజన్నా" అంటుంది. ఆ మాట నోట్లో ఉన్నంతసేపు కార్ఖానాలోని ఎనిమిది మరమగ్గాలు, ఆ ఊరి మాటలో సాంచాలు, ఆగిపోతాయి. మాట అయిపోగానే దడదడమని మళ్లీ అందుకుంటాయి.

సిరిసిల్లలో ఆ వాడకు ఇది కొత్త కాదు. ఐలవ్వ వేములవాడ దేవుడు రాజన్న పేరు తీస్తే, ఆమె గొంతు వినబడినంత మేర కదిలే వస్తువు ఏదైనా ఆగుతుంది. మనుషులు ఆగరు, పశువులు ఆగవు. బట్ట నేసే సాంచా, సైకిలు చక్రం, పిండిగిర్నీ, మంగలి ఎల్లేశం చేతిలో కత్తి ఆగుతాయి. గడ్డం గీస్తుండగా కత్తి బిగుసుకుంటే ఎల్లేశం, "ఐలవ్వ నడుము వంచినట్టుంది" అని గిరాకీతో చెప్పి, మళ్లీ కదలగానే గీసుకుంటాడు.

ఆవలింత వస్తే రాజన్న. దారం తెగితే రాజన్న. పిల్లి అడ్డమొస్తే రాజన్న. ఎల్లంతకుంట దిక్కు పరాయి పొలాల్లో నాట్లేసిన తల్లికి పుట్టింది ఐలవ్వ. ఆ తల్లి కూడా వంగినప్పుడొకసారి, లేచినప్పుడొకసారి ఆ పేరే అనేది. కడుపు నిండినవాడు స్నానం చేసి, దీపం పెట్టి, తీరికగా దేవుణ్ణి పిలుస్తాడు. కూలి చేసేవాళ్లకు ఆ తీరిక ఎవడిచ్చాడు? బరువు ఎత్తేటప్పుడు పిలుస్తారు, దించేటప్పుడు పిలుస్తారు. వాళ్ల పూజ అదే.

ఈ సంగతి రాజమౌళికి ఎక్కేది కాదు. సాంచా నడుమ ఆగితే బట్టమీద అడ్డంగా గీత పడుతుంది. గీత పడ్డ బట్టను కొనేవాడు పక్కకు తోస్తాడు. ఆయన అసలు బాధ అది. నోటితో చెప్పే మాట మాత్రం వేరు.

"దేవుడేమన్న నీ జీతగాడా ఐలవ్వా? తుమ్ముకో పిలుపు, ఆవలింతకో పిలుపు. పాచిమొఖంతోని పేరు తీసుడు పాపం గాదా?"

"తప్పైతే ఆయనే చెప్తుండె గద సేటు. ఆయనకు లేని నొప్పి నీకేంది?"

పక్క పీటమీద కండెలు చుట్టే వనిత నవ్వింది. ఆమె చర్చికి పోతుంది. "మా పాస్టరు గూడ గట్లనే అంటడు పెద్దమ్మా. పేరు వట్టిగ తీయద్దంట."

"వట్టిగ ఎవలు తీస్తున్నరే? మోకాలు నొస్తె తీస్తున్న."

"మాదాంట్ల మోకాలు నొస్తె మందు రాస్తరు."

రాజమౌళి కూడా నవ్వాపుకోలేక పక్కకు తిరిగిపోయాడు. అప్పటికి ఆ తగువు నవ్వులాటే.

అది రెండువేల పదకొండు. ఐలవ్వకు ఒక్కడే కొడుకు, వేణు. డిగ్రీ పుస్తకాలు అటకమీద పెట్టి తెలంగాణ జెండా పట్టాడు. ఎండకాలంలో రాస్తారోకో చేస్తుంటే తల వెనుక లాఠీ దెబ్బ పడింది. తల్లి గొంతు అందని దూరం అది. కరీంనగర్ దవాఖానలో పద్దెనిమిది రోజులు పడి ఉన్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఐలవ్వను పక్కకు పిలిచాడు.

"పుర్రె బొక్క అతికింది గని అమ్మా, ఆ జాగలనే ఇంకో దెబ్బ పడితె నీ కొడుకు దక్కడు. యాది పెట్టుకో."

రాజమౌళి బత్తాయిలు పట్టుకుని చూడవచ్చాడు. కాసేపు కూర్చుని, పోయేముందు అన్నాడు. "చెప్తె వినకపోతివి. ఊకె పిలిచి పిలిచి దేవుణ్ణి పలుచన చేసినవు. అసలు పనిపడ్డనాడు రాలే, సూడు."

దెబ్బ తిన్నవాళ్ల ముందు ఎంత చెడ్డమాట అన్నా నిజంలాగే వినబడుతుంది. మర్నాడే ఐలవ్వ వేములవాడ పోయి, కోడెను గుడిచుట్టూ తిప్పి కట్టేసి మొక్కుకుంది. "నా కొడుకు తలకు ఇంకో దెబ్బ తగులద్దు. తానం చేసి నీ గుడి ముందట నిలవడ్డప్పుడు తప్ప నీ పేరు తీయ. తీస్తె గీ మొక్కు చెల్లనట్టె."

ఆ రోజునుంచి ఆమె నోరు మూతబడింది. ఆవలింత వస్తే కొంగు కుక్కుకునేది. లేచేటప్పుడు గోడ పట్టుకుని, పళ్లు బిగించి లేచేది. సాంచాలు ఆగకుండా నడిచాయి. బట్ట అద్దంలాగ వచ్చింది. రాజమౌళి తానులు చూసుకుంటూ, "ఇగ దేవునికీ నిమ్మళం, నాకూ నిమ్మళం" అన్నాడు.

"నాకే నిమ్మళం లేదు" అంది వనిత. "నువ్వు గట్ల పళ్లు కొరుకుతుంటె నా పాణం పోతంది పెద్దమ్మా."

"నా పేరు కాదు గద, నా ఇష్టమచ్చినట్టు తీయనీకి" అని ఐలవ్వ దారం అందుకుంది.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు, బడులు లేవు. వాడవాళ్లు రోడ్డుమీదనే వంటావార్పు పెట్టుకున్నారు. రాజమౌళి సాంచాలు బందుపెట్టి రెండు బస్తాల బియ్యమిచ్చాడు. కార్ఖానా ముందే పొయ్యిలు తవ్వి, అన్నం వండే గంజులు ఎక్కించారు. వేణు తలకు తువ్వాలను మూడు మడతలేసి కట్టింది ఐలవ్వ.

"ముందట నిలవడకు కొడుకా."

"నిలవడనే అవ్వా. అన్నం వడ్డిస్త, గంతే."

మిట్టమధ్యాహ్నం పోలీసు వ్యాను వచ్చింది. దిగినవాళ్లు రోడ్డు ఖాళీ చేయమన్నారు. తినేదాకా లేవమని ముసలివాళ్లు విస్తర్ల ముందే కూర్చున్నారు. ఒక కానిస్టేబుల్ కాలితో గంజును తన్నాడు. తెల్లటి అన్నం తారుమీద పొగలు కక్కింది. అన్నాన్ని తన్నినవాణ్ణి చూసి ఊరుకునే జాతి కాదు మనది. ఎవరో రాయి విసిరారు. ఆ వెంటనే లాఠీలు లేచాయి.

జనం చెదిరారు. ఎల్లేశం పొయ్యి దగ్గర జారి పడ్డాడు. వేణు గరిటె పారేసి, అతన్ని లేపడానికి వంగాడు. వంగినప్పుడు తువ్వాల జారింది. వెనుకనుంచి ఒక కుర్ర కానిస్టేబుల్ లాఠీ ఎత్తాడు.

ఐలవ్వ పదిబారల దూరంలో ఉంది. పరుగెత్తినా అందదు. చేతులకు గంజి, ఒళ్లంతా పొగ, పొద్దున స్నానం కూడా చేయలేదు. పిలిస్తే మొక్కు తప్పుతుంది, తప్పితే పడేది వాడి తలమీదనే. పిలవకున్నా పడేది వాడి తలమీదనే.

వనిత ఆమె భుజాలు పట్టి ఊపేసింది. "పిలువు పెద్దమ్మా. నీకు దండం పెడుత, పిలువు."

"మొక్కున్నదే."

"ఆయన నీ కొడుకును సూత్తడా, నీ మొక్కును సూత్తడా?"

"రాజన్నా" అని పిలిచింది ఐలవ్వ.

మోకాలి నొప్పికి పిలిచినట్టు పొట్టిగా పిలవలేదు. చివరి అక్షరాన్ని వదలకుండా సాగదీసింది. లేచిన లాఠీలు లేచినచోటే గాలిలో నిలబడ్డాయి. ఇటునుంచి పోయిన రాళ్లూ నిలబడ్డాయి. కుర్ర కానిస్టేబుల్, బావిలో తట్టుకున్న బొక్కెనను గుంజినట్టు రెండు చేతులతో లాఠీని గుంజాడు. అది రాలేదు. వాడి చెమట వేణు వీపుమీద పడింది.

వేణు వెనక్కి చూడలేదు. ఎల్లేశాన్ని భుజాన వేసుకుని కార్ఖానా గడప దిక్కు నడిచాడు. ఆడవాళ్లు పడ్డవాళ్లను చేతులు పట్టి ఈడ్చారు.

ఐలవ్వ రొమ్ములో ఇరవై ఏళ్ల నూలు దుమ్ము ఉంది. ఊపిరి అడుగంటింది. మెడనరాలు తేలాయి. గొంతు సన్నగిల్లి దారమంత అయింది. వేణు ఇంకా నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. మూడు. కార్ఖానా గడప ముందు రాజమౌళి నిలబడి, తెలియకుండానే ఆమెతోపాటు నోరు తెరిచి ఉన్నాడు. వేణు మడమ గడప దాటింది. అప్పుడు ఆమె పేరు వదిలింది.

లాఠీ ఖాళీ తారుమీద పడి రెండు ముక్కలైంది. మిగతా పోలీసులు తమ లాఠీలను చూసుకుంటూ వ్యాను దాకా వెనక్కి జరిగారు.

ఐలవ్వ రోడ్డుమీద కూలబడింది. రాజమౌళి చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఎప్పుడూ కూలివాళ్లకు తన చేత్తో నీళ్లిచ్చినవాడు కాదు.

"తాగు అక్కా."

"మొక్కు తప్పిన సేటు" అంది ఆమె. గొంతు గీసుకుపోయి ఉంది. "తానం గూడ చెయ్యకపోతి."

మలుపులో రెండో వ్యాను కనబడింది. రోడ్డుమీద దెబ్బలు తిన్న వాడ పిల్లలు ఇంకా నలుగురు లేవలేక పడి ఉన్నారు. రాజమౌళి వాళ్లను చూశాడు, వ్యానును చూశాడు.

"నేను వోయి చెప్పుకుంట రాజన్నకు. తప్పు నాదే అని చెప్పుకుంట. నువ్వు తాగి మల్ల పిలువు."

ఐలవ్వ చెంబెత్తి తాగింది. వనిత చెయ్యి పట్టుకుని లేచి, రొమ్ము నిండా గాలి పీల్చుకుని, వ్యాను దిక్కు తిరిగింది.