డెల్మర్ బేరమాడలేదు

తలుపులు జనానికి తెరవకముందే మంచి బేరాలన్నీ అయిపోతాయి. తుపాకుల సంతలో అది అందరికీ తెలిసిన సంగతే. బల్లలు సర్దుకునే హడావిడిలోనే అమ్మేవాళ్లు ఒకరి బల్ల మీద ఒకరు వాలిపోయి, పాత రివాల్వర్లు తమలో తామే చేతులు మార్చుకుంటారు. పొద్దున కొన్నవాడు మధ్యాహ్నానికి దాన్నే ఇంకొకడికి అంటగడతాడు.

ఆ శనివారం వర్జిల్ టాకెట్‌కు అలాగే ఒక మంచి సరుకు దొరికింది. ఎప్పుడో పోలీసులు కొత్తవి తెచ్చుకుని వదిలించుకున్న రివాల్వర్. తోలు ఒరలో రుద్దుకుని రుద్దుకుని గొట్టం మీది నలుపంతా పోయింది. అలాంటిదాన్ని చూసి కొత్తవాళ్లు మూతి విరుస్తారు. వర్జిల్ లాంటివాళ్లు మాత్రం అలాంటివే వెతుక్కుంటారు. పోలీసు నడుముకు ఏళ్ల తరబడి వేలాడిందే తప్ప అది పేలింది తక్కువ. పైన ఎంత అరిగినా లోపల కొత్తదే.

దాన్ని బల్ల మీద అందరికంటే ముందు డెల్మర్ కంట పడేలా పెట్టాడు.

డెల్మర్, వర్జిల్ ఒకే బొగ్గు గనిలో పనిచేసి, ఒకే దగ్గుతో బయటపడినవాళ్లు. సంత ఎప్పుడు పెట్టినా డెల్మర్ ముందు వచ్చేది వర్జిల్ బల్ల దగ్గరికే. రివాల్వర్ తీసుకుని తూటాలు పెట్టే చక్రం పక్కకు తెరిచి, వేళ్లతో కుదిపి చూసేవాడు. గొట్టం వెనక బొటనవేలి గోరు ఆనించి, గోటి మీద పడే వెలుతురులో ముందునుంచి లోపలికి తొంగి చూసేవాడు. "ఇందులో పిచ్చుకలేమన్నా గూడు పెట్టాయేంట్రా?" అని మొదలుపెట్టేవాడు. ఆ బేరం వినడానికి చుట్టుపక్కల బల్లలవాళ్లు కాఫీ గ్లాసులు పట్టుకుని మరీ వచ్చేవాళ్లు.

చలికాలంలో భార్య ఓపల్ పోయాక డెల్మర్ సంతకు రాలేదు. ఖననం అయిన మర్నాడే ఆయన కూతురు ఇంట్లో ఉన్న తుపాకులన్నీ కారులో వేసుకుని ఒహాయోలోని తన ఇంటికి తీసుకుపోయింది. నాన్న దగ్గర ఇవి ఉండటం నాకు భయం అంది. వాటిని కారు దాకా మోసింది వర్జిలే.

తలుపులు తెరిచిన కాసేపటికి డెల్మర్ వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. చర్చికి వేసుకునే కోటు వేసుకున్నాడు.

"ఏరా, బతికే ఉన్నావా?" అనేసి వర్జిల్ నాలుక కరుచుకున్నాడు.

"ఉన్నట్టే ఉంది."

"ఇదిగో, నీకోసమే అట్టిపెట్టా. దీన్నీ తిట్టావంటే నీకు కళ్లు పోయినట్టే."

డెల్మర్ దాని వంక చూశాడు. చెయ్యి మాత్రం వెయ్యలేదు. "ఎంత?"

అలవాటు కొద్దీ వర్జిల్ రెట్టింపు చెప్పాడు. డెల్మర్ గుండె పట్టుకుని పడిపోయినట్టు నటించాలి. అది వాళ్ల ఆటలో మొదటి ఎత్తు.

"సరే," అని డెల్మర్ పర్సు తీశాడు.

పక్క బల్ల వెర్నక్క పగలబడి నవ్వింది. "ఏం డెల్మర్, లాటరీ తగిలిందా? మాకు చెప్పనే లేదు."

వర్జిల్ కూడా నవ్వబోయాడు. డెల్మర్ అప్పటికే నోట్లు లెక్కపెడుతున్నాడు.

"ఆగరా, తప్పు చెప్పా. ఇంకో వంద ఎక్కువ."

"సరే."

"చక్రం వదులుగా ఉంది. సరిగ్గా కూర్చోవట్లేదు." అది అబద్ధం. కుదిపి చూస్తే డెల్మర్‌కు క్షణంలో తెలిసిపోయే అబద్ధం.

డెల్మర్ కుదపలేదు. గోరు ఆనించి చూడనూ లేదు. "పేలుతుందా, లేదా?"

వర్జిల్ రివాల్వర్ తీసి బల్ల కిందకి నెట్టాడు. "నీకు అమ్మను."

"హాలంతా కలిపి నీదొక్కటే బల్లా?" అని డెల్మర్ పర్సు మూసి, వెర్నక్క బల్ల వైపు తిరిగాడు.

డెల్మర్ భుజం మీదుగా వెర్నక్క వర్జిల్ ముఖం చూసింది. వర్జిల్ తల అడ్డంగా ఊపాడు. ఆమె వెనక్కి వంగి పూల దుప్పటి లాగి బల్లంతా కప్పేసింది. ఆ సంతలో దుప్పటి కప్పిన బల్లను ఎవరూ తాకకూడదు. దుప్పటి ఎత్తి చూసినవాడికి మళ్లీ ఎవరూ సరుకు అమ్మరు.

"టిఫినుకెళ్తున్నా, అబ్బీ."

"ఇప్పుడా? ఇప్పుడేగా తలుపులు తీసింది."

"నాకు షుగరయ్యా. వేళకి తినకపోతే పడిపోతా," అంది, కుర్చీలోంచి లేవకుండానే.

డెల్మర్ తర్వాతి బల్లకు వెళ్లాడు. రెండడుగులు వెనకగా వర్జిల్ నడిచాడు. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఓపల్ సంగతి అందరికీ తెలుసు. డెల్మర్ బేరమాడని సంగతి అప్పటికే ఆ వరసంతా పాకింది. అతను ముందుకు వెళ్లేకొద్దీ దుప్పట్లు పడుతూ వచ్చాయి. "అమ్మకాలుండేదే ఈ గంటలో కదరా దేవుడా," అని ఒకాయన గొణిగాడు. గొణుగుతూనే దుప్పటి లాగాడు. కొనడానికి వచ్చినవాళ్లు ఏమీ అర్థంకాక నిలబడిపోయారు.

గుమ్మం పక్కన చివరి బల్ల ఎవరో కొత్తవాడిది. వేరే రాష్ట్రం నుంచి వచ్చాడు. ఇక్కడ ఎవరినీ ఎరగడు. అతని దగ్గర మూడు పాత రివాల్వర్లున్నాయి.

"రండి పెద్దాయనా. మీరు కాబట్టి తగ్గించి ఇస్తా," అని ఒకటి చేతిలోకి తీశాడు.

డెల్మర్ చెయ్యి ముందుకు వెళ్లింది. అంతకంటే ముందు వర్జిల్ చెయ్యి పడింది.

"ఎంత?"

కొత్తవాడు ధర చెప్పాడు. చెప్పిన ధర ఇచ్చినవాడిగా వర్జిల్‌ను ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. "ఇంకా ఆ రెండూ కలిపి చెప్పు," అన్నాడు. ట్రక్కు బాగుచేయించడానికి దాచిన డబ్బంతా అక్కడే అయిపోయింది.

వర్జిల్ డెల్మర్‌ను బయటికి తీసుకొచ్చి తన ట్రక్కులో కూర్చోబెట్టాడు. మూడు రివాల్వర్లూ కాగితపు సంచిలో ఇద్దరి మధ్య ఉన్నాయి.

"మా అమ్మాయి అన్నీ పట్టుకుపోయింది," అన్నాడు డెల్మర్. "మోసింది నువ్వేగా."

"నేనే."

"వచ్చే వారం నది అవతల ఇంకో సంత ఉంది."

"తెలుసు. నేనూ వస్తా."

"అక్కడ నీకు బల్ల లేదు."

"కాళ్లున్నాయిగా."

"ఎన్నని కొంటావురా?"

వర్జిల్ చెమ్మ పట్టిన అద్దాన్ని చొక్కా చేత్తో తుడిచాడు. "రాత్రికి మా ఇంట్లో పడుకో. మా ఆవిడ చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టింది. మొక్కజొన్న పిండితో కార్న్ బ్రెడ్ కూడా చేస్తానంది. అక్కణ్ణించే మీ అమ్మాయికి ఫోను చేద్దాం."

"మీ ఆవిడ కార్న్ బ్రెడ్ తినాలంటే ముందు పళ్లు కట్టించుకోవాలి."

"ఆ మాట ఆవిడ ముందరే చెబుదువుగాని రా."

డెల్మర్ సంచిలో చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. వర్జిల్ ఊపిరి బిగబట్టాడు. అందులో తూటాలు లేవని అతనికి తెలుసు. తెలిసినా బిగబట్టాడు. డెల్మర్ చక్రం పక్కకు తెరిచాడు. వేళ్లతో కుదిపాడు. గొట్టం వెనక గోరు ఆనించి, కిటికీలోంచి వచ్చే బూడిదరంగు వెలుతురులో లోపలికి చూశాడు.

"లోపలంతా తుప్పు గుంటలే. నిలువునా ముంచాడురా నిన్ను."

"ఎంత చేస్తుందంటావు?"

"వాడు చెప్పినదాంట్లో సగం కూడా చెయ్యదు."

"అయితే వెళ్లి తగువు పెట్టుకుందామా?"

డెల్మర్ రివాల్వర్ తిరిగి సంచిలో పెట్టలేదు. తెరిచిన చక్రాన్ని వేలితో తిప్పుతూ, ఖాళీ గూళ్ల వంకే చూస్తూ కూర్చున్నాడు. వర్జిల్ చెయ్యి చాపాడు. అడగలేదు, లాక్కోనూ లేదు. అరచెయ్యి అలాగే చాపి ఉంచాడు.

చాలాసేపటికి గాని డెల్మర్ దాన్ని ఆ చేతిలో పెట్టలేదు.